సెల్ఫ్ కొట్టమాకండి, కొలవకుండా బిగించమాకండి

కారు ఇంజన్ రెండుసార్లు చెడిపోయిద్ది. ఒకసారి వాడకంలో, ఇంకోసారి రిపేరులో. మొదటిసారి అయ్యే ఖర్చుకి ఓనరు సిద్ధంగానే ఉంటాడు. రెండోదే కొంప ముంచిద్ది. ఎందుకంటే అప్పటికే అప్పు చేసి ఒకసారి కట్టేశాడు.

మనవైపు కార్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండి. ఫైనాన్సు మీద టాక్సీ తీసుకుని బందరు–బెజవాడ రోడ్డు మీద తిప్పే కుర్రాడు. కైకలూరు, గుడివాడ రోడ్లలో చెరువుల మీదకి తిరగటానికి సెకండ్‌హ్యాండ్ డీజిలు బండి కొనుక్కున్న కౌలుదారు. మోపిదేవి గుడికీ, అవనిగడ్డ ఆసుపత్రికీ కిరాయి తోలే నాగాయలంక, కోడూరు డ్రైవర్లు. వీళ్లకి ఇంజన్ దిగిందంటే నెలంతా పొయ్యిలో పిల్లి లేవదు. పెద్ద షోరూములో లేబరు లెక్క చూస్తేనే గుండె జారిద్ది. అందుకని అందరం ఊళ్లో మేస్త్రి దగ్గరికే పోతాం. పోవాలి కూడా. ఆ షెడ్లే లేకపోతే డెల్టాలో సగం బండ్లు ఇంటిముందు తుప్పు పట్టేవి.

మేస్త్రికి పని రాదని ఈ వ్యాసం రాయటం లేదు. చెవి పెట్టి విని ఏ సిలిండరు కొట్టుకుంటందో చెప్పేవాళ్లు మనకి చాలామంది ఉన్నారు. కానీ ఖరీదైన తప్పులన్నీ వెతుక్కుంటా పోతే రెండు చోట్లే తేలతన్నాయి. ఒకటి, కొలవాల్సిన చోట చేతి అలవాటుతో బిగించటం. రెండు, ఎందుకు చెడిందో చూడకుండా చెడిన పార్టు మార్చెయ్యటం. షెడ్డులో పని నేర్చుకుంటన్న తమ్ముళ్లూ, బండి రిపేరుకిచ్చే తమ్ముళ్లూ, ఇద్దరూ చదవండి. డబ్బులు మాత్రం ఎటుతిరిగీ మన జేబులోవే.

నీళ్లలో మునిగిన బండి

ముందు మనకి బాగా తెలిసిన కష్టంతో మొదలెడదాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు. బుడమేరు నీళ్లే కిందకి దిగి గుడివాడ పక్కనున్న నందివాడ మండలం మీద పడ్డాయి. కృష్ణ కరకట్ట లోపలున్న దివిసీమ లంకలూ నీళ్లలోనే ఉన్నాయి. ఇట్టాంటప్పుడు నీళ్లు తీయగానే మనోళ్లు చేసే మొదటి పని తాళం తిప్పి సెల్ఫ్ కొట్టటం. ఓనరు కొట్టకపోతే మేస్త్రి వచ్చి కొడతాడు. అసలు ఖర్చు ఆ ఒక్క క్షణంలోనే పుట్టిద్ది.

ఎట్టాగంటే, 1248 సీసీ డీజిలు ఇంజన్ తీసుకోండి. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 312 సీసీ. కంప్రెషన్ 17కి 1 అనుకుంటే పిస్టను పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 20 సీసీ. అంటే నాలుగు టీస్పూన్లు. గాలైతే ఆ ఖాళీలో నలిగి సర్దుకుంటది. నీళ్లు నలగవు. నాలుగు టీస్పూన్లకి మించి నీళ్లు సిలిండర్లో ఉండి, వాల్వులు మూసుకుని పిస్టను పైకొచ్చిందనుకోండి, ఎక్కడో ఒకచోట ఇనుము వంగాల్సిందే. కనెక్టింగ్ రాడ్డు వంగిద్ది.

ఇందులో మోసం ఏంటంటే, రాడ్డు అక్కడికక్కడే విరగకపోవచ్చు, కొంచెమే వంగొచ్చు. నీళ్లు బయటికి కక్కేశాక బండి స్టార్టయిద్ది. మేస్త్రి నవ్వుతాడు, ఓనరు దణ్ణం పెడతాడు. కొన్ని నెలలకి హైవే మీద ఆ వంగిన రాడ్డు విరిగి బ్లాకు పక్క చీల్చుకుని బయటికొచ్చిద్ది. అప్పుడు వరద సంగతి ఎవరికీ గుర్తుండదు. "ఇంజన్ పాతదండి" అంటారు.

చెయ్యాల్సిన పద్ధతి ఇది. బ్యాటరీ వైరు తీసెయ్యాలి. తోసి స్టార్టు చేసే పనీ పెట్టుకోకూడదు. ఎయిర్ ఫిల్టరు విప్పి తడిసిందా చూడాలి. ఆయిల్ పుల్ల తీస్తే పాలు కలిపిన టీ రంగుందా చూడాలి. పెట్రోలు బండికి ప్లగ్గులు, డీజిలు బండికి ఇంజెక్టర్లు లేదా హీటర్ ప్లగ్గులు తీసి, క్రాంకుని పానాతో చేత్తో తిప్పాలి. నీళ్లన్నీ ఆ బొక్కల్లోంచి బయటికొస్తాయి. ఆయిలు, ఫిల్టరు మార్చాలి. కాసేపు నడిపాక మళ్లీ మార్చాలి. ఎవరన్నా ముందే సెల్ఫ్ కొట్టి ఉంటే, ఒక్కో పిస్టను ఎంత పైకొస్తందో కొలవాలి. ఒకటి మిగతావాటికంటే కిందే ఆగిందంటే దాని రాడ్డు వంగినట్టే. ఈ కొలతకి అరపూట పట్టిద్ది. అరపూట కూలి మిగుల్చుకోబోయి ఇంజన్ పోగొట్టుకుంటన్నాం.

ఇన్సూరెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫుల్ ఇన్సూరెన్సులో వరద నష్టం కలిసే ఉంటది. కానీ నీళ్లున్న ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టి చెడగొడితే అది వరద నష్టం కాదు, తర్వాత మీరు చేసుకున్న నష్టం అని కంపెనీలు క్లెయిము కొట్టేస్తాయి. దానికి "ఇంజన్ ప్రొటెక్ట్" అని విడిగా కవరు అమ్ముతారు. లంక ఊళ్లలో, కాలవ గట్ల మీద ఉండేవాళ్లు పాలసీ కాగితంలో ఆ ముక్క ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఇంకోటి, సర్వేయరు రాకముందే మేస్త్రి ఇంజన్ విప్పేస్తే క్లెయిము చిక్కుల్లో పడిద్ది. ముందు ఫొటోలు, తర్వాత ఫోను, ఆ తర్వాతే పానా.

పప్పుడకని నీళ్లు ఇంజన్‌కెట్టా పనికొస్తాయి?

దివిసీమలో, బందరు తీరం ఊళ్లలో బోరు నీళ్ల సంగతి మీకు చెప్పాలా? ఉప్పగా ఉంటాయి, పప్పుడకదు, గిన్నెకి తెల్లగా చార కట్టిద్ది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే తాగునీళ్లకే చెరువు చుట్టూ తిరగాల. అలాంటి బోరు నీళ్లని బకెట్టుతో తెచ్చి రేడియేటర్లో పోస్తన్నారు. "నీళ్లే కదా, వేడి తగ్గటానికి ఏవైతే ఏంటి?" అంటారు.

గిన్నెకి కట్టే ఆ చారే రేడియేటరు సన్నగొట్టాల్లో కట్టిద్ది. ఉప్పు అల్యూమినియాన్ని తినేసిద్ది. ఇప్పటి కార్లలో హెడ్డు అల్యూమినియం, రేడియేటరు అల్యూమినియం. కూలెంటు అంటే చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా పోసేదని మనోళ్లనుకుంటారు. మనకి దాని ఉపయోగం వేరే. నీళ్లు మరిగే వేడిని అది పైకి జరిపిద్ది, లోపల తుప్పు పట్టకుండా మందు వేసి ఉంటది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో కలిపి పొయ్యాలి, లేదంటే కలిపి అమ్మేదే కొనాలి. అర్ధరాత్రి దారిలో వేరే గతిలేక మామూలు నీళ్లు పోశారనుకోండి, తప్పులేదు. ఇంటికొచ్చాక ఖాళీచేసి కడిగి మళ్లీ కూలెంటు నింపకపోవటమే తప్పు.

ఇక థర్మోస్టాట్. "మన ఎండలకి ఇదెందుకండీ" అని తీసి అవతల పారేస్తారు. ఈ వైద్యం మన షెడ్లలో ఎప్పటినుంచో ఉంది, ఎవరు మొదలెట్టారో గానీ పోవటం లేదు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ సుమారు 80–90 డిగ్రీలకి చేరేదాకా రేడియేటరు దారి మూసి ఉంచే తలుపు. అది తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రావటం ఆలస్యమయిద్ది. కంప్యూటరు ఇంకా చల్లగానే ఉందనుకుని ఆయిలు ఎక్కువ కొట్టిద్ది, మైలేజీ పోయిద్ది, సిలిండర్లు అరుగుతాయి. పైగా కొన్ని ఇంజన్లలో ఆ తలుపు తెరుచుకునేటప్పుడు దాని అడుగు బిళ్ల పక్కదారిని మూసిద్ది. బిళ్లే లేకపోతే నీళ్లు రేడియేటరుకి పోకుండా ఆ పక్కదారిలోనే తిరుగుతా ఉంటాయి. హీటు తగ్గాలని తీస్తే హీటు పెరిగిద్ది.

ఇట్టా హీటెక్కిన బండి చివరికి హెడ్ గ్యాస్కెట్ కొట్టేసి షెడ్డుకొచ్చిద్ది. మేస్త్రి కొత్త గ్యాస్కెట్ వేసి పంపిస్తాడు. నెలకే మళ్లీ వచ్చిద్ది. ఎందుకు రాదు? గ్యాస్కెట్ పోవటం జ్వరం లాంటిది, రోగం వేరే చోటుంది. రేడియేటరు పూడిందా, ఫ్యాను రిలే పనిచేస్తందా, మూత ప్రెషరు పట్టుకుంటందా, వాటర్ పంపు రెక్కలు తినేశాయా అని చూడకుండా వేసిన గ్యాస్కెట్ ఎన్నాళ్లుంటది?

వెంట్రుకంత తేడా

హెడ్డు దించారంటే ఇంకో ప్రమాదం. హీటెక్కిన అల్యూమినియం హెడ్డు వంగిద్ది. ఎంత వంగొచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటది, చాలా ఇంజన్లకి అది 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు లోపే. మీ తల వెంట్రుక మందం కూడా దాదాపు అంతే. అంత తేడా కంటికి కనపడదు. హెడ్డు మీద తిన్నని ఉక్కు బద్ద నిలబెట్టి కింద ఫీలర్ గేజి దూర్చి చూడాలి. మన షెడ్లలో చాలాచోట్ల గాజుముక్క పెట్టో, చెయ్యి రాసో "బానే ఉంది" అనేస్తారు. లేదంటే చూడకుండానే లేతుకి పంపి చెక్కించేస్తారు. డీజిలు ఇంజన్‌కి ఎంత చెక్కారో లెక్కలేకపోతే వాల్వులు పిస్టనుకి దగ్గరపడతాయి. చాలా డీజిలు ఇంజన్లకి గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వచ్చిద్ది, అంచున బొక్కలో గాట్లో గుర్తుగా ఉంటాయి. పాత దానికి ఎన్నున్నాయో చూడకుండా దొరికింది వేశారా, అయిపోయింది.

బందరు పక్కన చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసేవాళ్లని చూడండి. రేకు మందం కొంచెం తేడా వస్తే వస్తువు పారేస్తారు. గాజు మీద అంత శ్రద్ధ పెట్టే మనుషులున్న ఊళ్లో ఇంజన్ మీద పెట్టలేరా అనిపిస్తది నాకు.

బోల్టుల దగ్గరికొద్దాం. హెడ్ బోల్టులు నడిమధ్య నుంచి చివరలకి వరసగా, విడతలుగా బిగించాలి. టార్క్ రెంచి కావాలి. "నా చెయ్యే టార్క్ రెంచి" అనే మేస్త్రి పొద్దున బిగించిన దానికీ, అన్నం తిన్నాక బిగించిన దానికీ తేడా ఉంటది. ఇప్పటి చాలా ఇంజన్లలో బోల్టు ముందు ఇంత బలానికి బిగించి, ఆ పైన 90 డిగ్రీలు తిప్పాలని ఉంటది. అంటే బోల్టుని కావాలనే సాగదీస్తన్నారన్నమాట. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ వాడకూడదు, కొత్తవి వెయ్యాలి. బోల్టుల సెట్టు డబ్బులు మిగిల్చి హెడ్డు మళ్లీ దించటం ఏం లెక్క? రెంచి ఉన్నోళ్లు కూడా ఒక చోట పడిపోతారు. పుస్తకంలో న్యూటన్ మీటర్లలో రాసింది, రెంచి మీద అడుగు–పౌండ్ల గీత దగ్గర పెడతారు. ఒక అడుగు–పౌండు అంటే 1.36 న్యూటన్ మీటర్లు. 50 అనుకుని బిగిస్తే 68 పడిద్ది. అల్యూమినియంలో మరలు లేచిపోతాయి.

శుభ్రం చెయ్యటంలోనూ తప్పుంది, చెబితే కోపాలొస్తాయి. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకటానికి గ్రైండరుకి ఇసకబిళ్ల తగిలించి రుద్దుతారు. ఆ ఇసకపొడి ఆయిలు దారుల్లోకి పోయి బేరింగుల్లో కూర్చుంటది. బండి బ్రహ్మాండంగా స్టార్టయిద్ది, తర్వాత బేరింగులు అరిగి క్రాంకు మీద గీతలు పడతాయి. అట్టాగే ప్యాకింగు పేస్టు. ఛాంబరుకి గ్యాస్కెట్ బదులు పేస్టు రాస్తారు, కొన్ని బండ్లకి కంపెనీయే రాయమంటది. సన్నగా ఒక గీత రాస్తే చాలు. జడకి నూనె రాసినట్టు రాస్తే బిగించినప్పుడు సగం లోపలికి పొంగిద్ది. ఎండి, తెగి, ఛాంబరు అడుగున ఉండే ఆయిల్ జాలీకి అడ్డం పడిద్ది. ఆయిల్ ఎక్కకపోతే ఇంజన్ సీజు. ఇంత పేస్టుముక్కకి ఇంజన్ బలి.

టర్బో కూడా ఇదే కథ. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగిద్ది. దాన్ని కాపాడేది సన్నటి గొట్టంలో వచ్చే ఆయిలే. మాడిన ఆయిలుతో ఆ గొట్టం పూడిపోతే టర్బో పోయిద్ది. పూడిన గొట్టం అట్టానే ఉంచి కొత్త టర్బో బిగిస్తే అదీ పోయిద్ది. వారంటీ అడిగితే "ఆయిల్ అందలేదు, మీ తప్పే" అని వెనక్కి పంపుతారు. కొత్త టర్బో బిగించేటప్పుడు ముందు దాంట్లో కాస్త ఆయిలు పోసి, స్టార్టు కాకుండా సెల్ఫ్ తిప్పి, ఆయిలు అందాకే స్టార్టు చెయ్యాలి. ఆయిలు రకం మాట కూడా ఇందులోనే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్–6 డీజిలు బండ్లలో పొగగొట్టానికి మసి ఫిల్టరు ఉంటది, దానికి బూడిద తక్కువొచ్చే ఆయిలే పొయ్యాలి. లారీకి తెచ్చిన డబ్బాలోది పోస్తే ఫిల్టరు పూడిద్ది. దాని ధర అడిగితే నోరెండిపోయిద్ది.

టైమింగ్ బెల్టు గురించి కొంచెం. స్విఫ్ట్ 1.3 డీజిలుకి చెయిను. డస్టరు 1.5 డీజిలుకీ, వెరిటో డీజిలుకీ ఒకే రెనాల్ట్ ఇంజన్, దానికి బెల్టు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. కొత్తది వేసేటప్పుడు ఒక్క పన్ను తప్పినా బండి గుంజదు, ఎక్కువ తప్పితే వాల్వులు వంగుతాయి. బెల్టు వేశాక సెల్ఫ్ కొట్టకుండా క్రాంకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయా చూడాలి. ఎక్కడన్నా పట్టేస్తే చెయ్యి ఆపిద్ది. సెల్ఫ్ ఆపదు.

స్కానరు వచ్చాక కొత్త జబ్బొకటి పట్టుకుంది. స్కానర్లో "పి0171" అని వస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతందని అర్థం. ఆక్సిజన్ సెన్సరు చెడిందని కాదు. గాలి గొట్టం చిట్లినా అదే కోడు వచ్చిద్ది. కానీ వేలు పోసి సెన్సరు మార్పించేస్తన్నారు. కోడు అనేది ఏ వీధిలో దొంగతనం జరిగిందో చెప్పిద్ది, దొంగ ఎవరో చెప్పదు. కామన్‌రైల్ బండ్లలో చాలావాటికి ఇంజెక్టరు మార్చితే దాని మీదున్న కోడు నెంబరు కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కించకుండా వదిలేసి, పొగ వస్తంది, కొట్టుకుంటందని మంచి పంపు విప్పిన షెడ్లు లేకపోలేదు.

తప్పు ఒక్క మేస్త్రిదేనా

ఇన్ని తప్పులు రాశాక ఈ ప్రశ్న వెయ్యకపోతే అన్యాయం. టార్క్ ఎంతో, గ్యాస్కెట్ మందం ఎంతో కంపెనీ పుస్తకంలో ఉందన్నాను. ఆ పుస్తకం గుడివాడ మేస్త్రికి ఎవరిచ్చారు? 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల పైన జరిమానా వేసింది. నేరం ఏంటంటే, స్పేరు పార్టులూ, రిపేరు పుస్తకాలూ, స్కానింగు సామానూ బయట మెకానిక్కులకి దొరక్కుండా తమ డీలర్ల గుప్పిట్లోనే పెట్టుకోవటం. అవి బయటి షెడ్లకి కూడా అందుబాటులో పెట్టమని కమిషన్ చెప్పింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022 డిసెంబరు 24న కేంద్రం "రైట్ టు రిపేర్" పోర్టలు తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. ఇన్నేళ్లయినా మన మేస్త్రి యూట్యూబులో హిందీ వీడియో చూసి టార్క్ అంకె ఏరుకుంటన్నాడు. తెలుగులో ఒక్క పేజీ ఇచ్చినోడు లేడు.

షెడ్డులో చేరిన కుర్రాడి సంగతీ అంతే. పదో తరగతి తప్పి చేరతాడు. రెండేళ్లు సామాను కడిగిస్తారు, టీ తెప్పిస్తారు. పక్కనుండి చూసి నేర్చుకోవాలి తప్ప "ఎందుకు" అని అడిగితే కసురుతారు. అందుకే వాడికి బిగించటం వచ్చిద్ది, కొలవటం రాదు. తమ్ముడూ, ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. చెయ్యగలిగితే చెయ్యి. చెయ్యలేకపోతే నీ మొదటి సంపాదనలో ఒక టార్క్ రెంచి, ఒక ఫీలర్ గేజి కొనుక్కో. ఫీలర్ గేజి రెండు బిర్యానీల ఖరీదు కూడా ఉండదు. పక్కపక్క షెడ్లవాళ్లు నలుగురు కలిసి ఒక మంచి రెంచి కొనుక్కున్నా తప్పేం లేదు.

ఓనర్ల తొందర కూడా ఉంది. "సాయంత్రానికి కావాలి, పెళ్లి కిరాయి ఉంది" అని నెత్తి మీద కూర్చుంటే కొలతలు ఎవరు తీస్తారు? రేటు తగ్గించమని బేరమాడేది మనమే, డూప్లికేటు ఫిల్టరు వేశాడని తిట్టేదీ మనమే.

బండి ఇచ్చేటప్పుడు ఇవి అడగండి, మొహమాటపడొద్దు. ఎందుకు చెడిందో ముందు చెప్పు. పాత పార్టులు నాకివ్వు. హెడ్డు ఎంత వంగిందో అంకె రాసివ్వు. ఏ ఆయిలు, ఏ బోల్టులు వేశావో బిల్లులో రాయి. మంచి మేస్త్రి అయితే విసుక్కోడు, చూపిస్తాడు. తప్పు జరిగితే ముందు కూర్చుని మాట్లాడుకోండి, సగం ఖర్చు పెట్టుకుని సరిచేసే మేస్త్రులు మనకి తెలుసు. అసలే వినకపోతే, చిన్న షెడ్డయినా పెద్ద షోరూమైనా డబ్బులు తీసుకుని చేసిన పనిలో లోపం 2019 వినియోగదారుల చట్టం కిందకే వచ్చిద్ది. 1915కి ఫోను చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. జిల్లా కమిషన్ బందరులోనే ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గొడవ మొదలైన రెండేళ్ల లోపు వెయ్యాలి, లాయరు లేకపోయినా మీరే వాదించుకోవచ్చు. అక్కడ ముందు అడిగేది బిల్లే. "బిల్లొద్దులే, జీఎస్టీ మిగిలిద్ది" అనే మాటకి ఒప్పుకున్నవాళ్ల చేతిలో అక్కడ చూపించటానికి ఏమీ ఉండదు.